కారు స్టీరియో, నా చెవులు

ఆరోగ్య విషయాలు వ్రాసుకొనే చోట కారు స్టీరియో గురించి వ్రాయడమేమిటని చదువరులకు అనిపించవచ్చు. పదిహేను వేల రూపాయలకు మించకూడదని హద్దు పెట్టుకొని, నా పాత కారులో పాటలు వినిపించే ఏర్పాటును బాగుచేయించబోయాను. అది బాగుపడింది. కాని నేను బాగుచేయించవలసినది అది ఒక్కటే కాదని తెలియడానికి మరో ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలలో ఒకనాడు, వైద్యుడనై యుండి, ఒక అంబులెన్సుకు అడ్డుగా నిలిచాను. ఆ సంగతి చెప్పుకోవడం కొంత కష్టమే అయినా, మరొకరికి ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాను.

మాది రాజమహేంద్రవరం. కారు పదమూడేళ్ళ నాటిది, చిన్నది. నెలకు రెండు మూడుసార్లు రావులపాలెం మీదుగా అమలాపురం వెళ్ళివస్తుంటాము. ఆ దారిలో సంగీతం వినడం నాకు ఉద్యోగ విరమణ తరువాత అబ్బిన సుఖం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన రోజులలో ప్రభుత్వ జీపులో పాటలు ఎక్కడివి? డ్రైవరు తన చిన్న ట్రాన్సిస్టరును అద్దానికి వేలాడదీసి విజయవాడ కేంద్రం పెట్టేవాడు. ఇంజను మోతలో వార్తలు సగం వినబడేవి, సగం ఊహించుకొనేవాళ్ళము. ఆ లోటు తీర్చుకోవడానికి కాబోలు, ఇప్పుడు కారులో బాలమురళీకృష్ణ గారి కచేరీలు పెట్టుకుంటాను. ఆయన పుట్టిన శంకరగుప్తం మా కోనసీమలోదే. 1930లో పుట్టిన ఆ మహానుభావుడి గొంతు గౌతమి వంతెన మీద వెళ్తూ వినడంలో ఒక తృప్తి ఉన్నది.

గత కార్తీకమాసంలో ఆ తృప్తి తగ్గింది. గొంతు దుప్పటి కప్పుకొని పాడుతున్నట్లు వినబడసాగింది. సాహిత్యంలో మాటలు విడివిడిగా తెలియడం లేదు. తంబురా శ్రుతిలో ఉండే ఆ సన్నని జీర బొత్తిగా లేదు. శబ్దం పెంచితే మోత పెరిగిందే కాని మాట తేటపడలేదు. స్పీకర్లు పాడయ్యాయని నిర్ణయించాను. రోగిని పరీక్షించకుండానే రోగనిర్ణయం చేయరాదని విద్యార్థులకు చెప్పినవాడిని నేనే.

మోరంపూడి దగ్గర కారు సామాను అమ్మే దుకాణానికి వెళ్ళాను. అక్కడి కుర్రవాడికి పాతికేళ్ళుంటాయి. నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. "ఎంతలో చూడమంటారండీ?" అని అడిగాడు. పదిహేను వేలు దాటకూడదన్నాను. "ఆయ్, అయితే వెనక సీటు జోలికి వెళ్ళొద్దండి. డబ్బంతా ముందే పెడదాం" అన్నాడు. ఆ ఒక్క మాటతో అతని మీద నమ్మకం కుదిరింది.

అతని దగ్గర నేర్చుకొన్నది ఇక్కడ వ్రాస్తాను. తక్కువ ఖర్చులో ఈ పని చేయించుకోదలచినవారికి పనికివస్తుంది.

తలుపు లోపలి అట్ట విప్పగానే ఒక దోషం కనబడింది. స్పీకరు కాగితపు గిన్నె అంచున ఉండే మెత్తని చుట్టు వ్రేలితో తాకితే పొడిగా రాలిపోయింది. తలుపు అద్దం వెంట వాననీరు లోపలికి దిగడం సహజం. ఆ నీరు స్పీకరు మీద పడకుండా కంపెనీవారు అతికించిన ప్లాస్టిక్ పొర ఎప్పుడో చిరిగింది. మన డెల్టా తేమ, ఏటేటా వానలు తమ పని చేశాయి. కనుక స్పీకర్లు నిజంగానే పాడయ్యాయి. నా నిర్ణయం పూర్తిగా తప్పు కాదు, సగం ఒప్పు. వైద్యంలో అన్నిటికంటె ప్రమాదకరమైనది ఈ సగం ఒప్పైన నిర్ణయమే. ఒక కారణం దొరికిందంటే రెండవదాని కోసం ఎవరూ వెదకరు.

ముందు తలుపులకు ఆరున్నర అంగుళాల స్పీకర్ల జత తీసుకొన్నాము. ఒకే చట్రంలో పెద్ద గిన్నె, దాని నడుమ హెచ్చుస్థాయి ధ్వనుల కోసం ఒక చిన్న స్పీకరు ఉండే రకం అది. వాటిని విడివిడిగా అమ్మే ఖరీదైన రకం కూడా ఉన్నది, మన హద్దులో అవసరం లేదన్నాడు. అసలు రహస్యం తలుపులో ఉన్నది. స్పీకరు ముందుకు నెట్టిన గాలికీ, వెనుకకు నెట్టిన గాలికీ దిశ వేరు. తలుపు రేకులో ఉన్న కన్నాల గుండా ఆ రెండూ కలిస్తే ఒకదానినొకటి రద్దు చేసుకొని మంద్రధ్వని పోతుంది. అందుకని ఆ కన్నాలను మూసి, రేకు అదరకుండా తారువంటి బరువైన పట్టీలు అతికించాడు. దానివలన కొత్త స్పీకర్లకు ఎంత మేలు జరిగిందో, తలుపు వేసినప్పటి చప్పుడులోనే తెలిసింది. రేకుడబ్బా మోత పోయి గట్టి తలుపు చప్పుడు వచ్చింది.

తరువాత వాట్ల సంగతి. పెట్టె మీద మూడు వందల వాట్లని ముద్రించి ఉంటుంది. అది క్షణకాలం తట్టుకోగలిగిన అత్యధిక శక్తి. నిలకడగా ఇచ్చేది ఎంతో చూడాలి, దానిని ఆర్‌ఎంఎస్ అంటారు. డ్యాష్‌బోర్డులోని యంత్రం మీద ఒక్కొక్క వైపు యాభై వాట్లని వ్రాసి ఉన్నా, నిలకడగా ఇచ్చేది పదిహేను, ఇరవై వాట్లు. దానిని చివరి వరకు పెంచితే శబ్దతరంగం పైభాగం కత్తిరించినట్లయి గొంతు బొంగురుపోతుంది. అటువంటి విరిగిన ధ్వనికే చిన్న స్పీకర్లు మాడిపోతాయి. అందుకని సీటు క్రింద చిన్న యాంప్లిఫయరు పెట్టించాము. దానికి బ్యాటరీ నుండి నేరుగా తీగ లాగాలి, బ్యాటరీకి మూరెడు దూరం లోపలే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు లేని తీగ ఎక్కడైనా రేకుకు ఒరుసుకొంటే కారు తగలబడవచ్చు. యాభై, వంద రూపాయల కోసం ఈ ఫ్యూజు దగ్గర మాత్రం ఎవరూ పొదుపు చేయవద్దు.

స్పీకర్లకు రెండువేల ఎనిమిది వందలు, పట్టీలకు మూడు వేలు, యాంప్లిఫయరుకు అయిదున్నర వేలు, తీగలకూ ఫ్యూజుకూ పన్నెండు వందలు, పనికి పదిహేను వందలు. మొత్తం పద్నాలుగు వేలు. వేయి రూపాయలు మిగిలాయి.

అమర్చడం అయ్యాక కుర్రవాడు కచేరీ పెట్టాడు. మృదంగం ఎదురుగా కూర్చొని వాయిస్తున్నట్లున్నది. చాలా సంతోషించాను. కాని మాట ఇంకా తేటగా లేదు.

"బాబూ, ట్రెబుల్ కొంచెం పెంచు" అన్నాను.

పెంచాడు. ఇంకొంచెం అన్నాను. మరికొంత పెంచాడు. ఇంకా అన్నాను. అతను మొహమాటంగా నావైపు చూసి, "ఇంక లేదండీ, చివరికొచ్చేసింది. నాకైతే చెవులు కోసేస్తున్నట్టుందండి" అన్నాడు. కొత్త స్పీకర్లు కదా, పది రోజులు వాడితే సర్దుకుంటాయని నాకు నేనే చెప్పుకొని ఇంటికి వచ్చాను.

మరుసటి వారం మా ఆవిడతో అమలాపురం బయలుదేరాను. శబ్దం పెంచుతూ ఉన్నాను. ఆమె ఏదో అన్నది. నాకు "పాలు" అని వినబడింది.

"పాలు ఇప్పుడెందుకు? తిరిగి వచ్చేటప్పుడు తీసుకుందాం" అన్నాను.

"పాలు కాదండీ, చాలు అంటున్నాను. చాలు! తల పగిలిపోతోంది" అన్నది.

ఇద్దరమూ నవ్వుకొన్నాము. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏమిటి కొరుకుతున్నావని అడిగాడన్న సామెత ఆమె ఎత్తితే, నేను దానికి కూడా నవ్వాను. అయినా లోపల ఒక ముల్లు దిగింది. ఇంటికి వచ్చి బల్ల సొరుగులోనుండి నా పాత శ్రుతిదండం తీశాను. సెకనుకు 512 సార్లు కంపించే ఉక్కు దండం అది. కాకినాడలో చదువుకొనే రోజులనుండి నా దగ్గర ఉన్నది. మోగించి చెవి ప్రక్క పెట్టుకొన్నాను, చక్కగా వినబడింది. చెవి వెనుక ఎముక మీద ఆనించాను. అక్కడి కంటె చెవి ప్రక్కనే బాగా వినబడింది. కర్ణభేరిలోను, మధ్యచెవిలోను దోషం లేదు, నా చెవులు బాగున్నాయని దండం తిరిగి సొరుగులో పెట్టేశాను. ఆ పరీక్ష నన్ను ఎలా మోసగించినదో తరువాత చెబుతాను.

సంక్రాంతికి హైదరాబాదునుండి పిల్లలు వచ్చారు. పండుగకు అరటిగెల తెద్దామని పన్నెండేళ్ళ మనవడిని వెంటబెట్టుకొని రావులపాలెం బయలుదేరాను. అద్దాలు ఎత్తి ఉన్నాయి, పాట నడుస్తున్నది. కడియపులంక దగ్గర పండుగ రద్దీ, మొక్కల బండ్లు, పూల సంచుల ఆటోలు. నా ముందు ఖాళీ ఉన్నా, తొందర ఎందుకని నెమ్మదిగా నడుపుతున్నాను. వెనుక సీటులోనుండి మనవడు నా భుజం పట్టి కుదిపాడు.

"తాతయ్యా, వెనక అంబులెన్స్! ఎంతసేపటి నుంచో హారన్ కొడుతున్నాడు, నీకు వినపడట్లేదా?"

అద్దంలో చూశాను. 108 వాహనం. దాని ఎర్రదీపం నా కారు అద్దం నిండా తిరుగుతున్నది. వెంటనే ప్రక్కకు తీశాను. నన్ను దాటుతున్నప్పుడు దాని డ్రైవరు తిట్టలేదు. ఒకసారి చూసి, ఈయన పెద్దాయన అనుకొన్నట్లు ముఖం తిప్పుకొని వెళ్ళిపోయాడు. తిట్టినా అంత బాధపడేవాడిని కాను.

ఆ వాహనంలో ఎవరున్నారో తెలియదు. ఏమైందో తెలియదు. ఎంతసేపు అడ్డు నిలిచానో కూడా తెలియదు, ఒక నిమిషం కావచ్చు. కాని ఒక నిమిషం విలువ నాకు తెలుసును. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 సేవ మొదలు కాకముందు, కాన్పు తరువాత రక్తస్రావం ఆగని తల్లిని పెద్దాసుపత్రికి పంపడానికి వాహనం కోసం గుమ్మంలో నిలబడి, నాడి మీద వ్రేలు వేసి, లెక్కపెట్టిన నిమిషాలు నాకు జ్ఞాపకమున్నాయి. అటువంటి నిమిషాన్ని ఈనాడు ఎవరి దగ్గరనుండో నేనే తీసుకొన్నాను. అరటిగెల కొన్నాను కాని దారిలో పాట పెట్టలేదు.

ఆ సాయంత్రం వీధి గుమ్మంలో కారు నిలిపి, ఇంజను ఆపి, మనవడిని పిలిచాను. వాడి ఫోనును స్టీరియోకు కలిపి, రకరకాల స్థాయిల ధ్వనులను ఒక్కొక్కటే పెట్టమన్నాను. సెకనుకు 250 కంపనాలు వినబడింది. 500, వెయ్యి వినబడ్డాయి. 2000 కొంచెం సన్నగా ఉన్నది. 4000 దగ్గర, "పెట్టావా?" అని అడిగాను. "ఎప్పుడో పెట్టాను తాతయ్యా" అన్నాడు. శబ్దం పెంచితే దూరాన ఈల వేసినట్లు వినబడింది. 8000 దగ్గర ఏమీ లేదు. అప్పుడు వాడి ముఖం చూశాను. రెండు చేతులతో చెవులు మూసుకొని ఉన్నాడు. "నాకు చెవిపోటు వస్తోంది, ఆపేయనా?" అని అడుగుతున్నాడు.

పద్నాలుగు వేల రూపాయల స్టీరియో అన్ని ధ్వనులనూ పలుకుతూనే ఉన్నది. పుచ్చుకోలేనివి నా చెవులు.

ఫోను పరీక్ష వైద్యపరీక్ష కాదు. పండుగ వెళ్ళగానే చెవి వైద్యుని దగ్గరకు పోయాను. ముందుగా ఆయన చెవిలో గుమిలి లేదని చూశారు. తరువాత శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి వినికిడి కొలిచారు. దానిని ఆడియోగ్రామ్ అంటారు. ప్రతి స్థాయి ధ్వనిని ఎన్ని డెసిబెల్స్ వరకు పెంచితే వినగలమో అందులో తెలుస్తుంది. నాకు 500 దగ్గర 25, 1000 దగ్గర 30, 2000 దగ్గర 45, 4000 దగ్గర 60 వచ్చాయి. ఈ నాలుగింటి సగటు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సగటు 20 లోపు ఉంటే వినికిడి సరిగా ఉన్నట్లు. 35 నుండి 50 లోపు మధ్యస్థమైన లోపం.

ఇప్పుడు శ్రుతిదండం చేసిన మోసం అర్థమైంది కదా. దాని ధ్వని 512. నా వినికిడి కొద్దిపాటి లోపంతోనైనా నిలిచి ఉన్న చోటనే నేను పరీక్షించుకొని సంతోషించాను. పైగా ఆ పరీక్ష మధ్యచెవి దోషాన్ని పట్టిస్తుంది కాని, రెండు చెవులలోను సమంగా వచ్చే లోపలి చెవి లోపాన్ని పట్టించదు. తెలిసిన వైద్యుడు కూడా తనను తాను పరీక్షించుకొంటే, తనకు కావలసిన జవాబు వచ్చే పరీక్షనే ఎంచుకొంటాడు.

వయస్సుతో వచ్చే వినికిడి లోపంలో జరిగేదిది. లోపలి చెవిలో నత్తగుల్లవంటి భాగం ఉంటుంది. దానిలో వరుసగా అమరిన సూక్ష్మమైన రోమకణాలు ధ్వనిని నరానికి అందిస్తాయి. ఒక్కొక్క చెవిలో సుమారు పదిహేను వేలు ఉంటాయి. గుల్ల మొదట్లోనివి హెచ్చుస్థాయి ధ్వనులను, చివరనున్నవి మంద్రధ్వనులను పట్టుకొంటాయి. నశించిన రోమకణం మనుష్యులలో మళ్ళీ మొలవదు. వయస్సు వలన, పెద్ద శబ్దాల వలన మొదట దెబ్బతినేవి హెచ్చుస్థాయి ధ్వనులను పట్టుకొనే కణాలు.

మన భాషలో దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. అచ్చులు మంద్రస్థాయిలో బలంగా పలుకుతాయి. క, చ, త, ప, స, శ వంటి హల్లులను ఒకదానినుండి మరొకదానిని వేరుచేసే గుర్తులు చాలావరకు 2000కు పైన, అతి సన్నగా ఉంటాయి. కాలు, చాలు, తాలు, పాలు: ఈ నాలుగు మాటలలోను వెనుక వచ్చే ఆలు అనే ధ్వని నాకు చక్కగా వినబడుతుంది. ముందున్న హల్లు ఏదో నా మెదడు ఊహించుకొంటుంది. ఊహ కుదిరితే వినబడిందనుకొంటాను, కుదరకపోతే ఎదుటివారు సరిగా పలకడం లేదంటాను. అందుకే ఈ లోపం ఉన్నవారు "నాకు వినబడుతూనే ఉంది, మీరే నమిలి మాట్లాడుతున్నారు" అంటారు. అది అబద్ధం కాదు, వారికి తోచిన నిజం. మెల్లగా చెబితే వినబడదు, గట్టిగా చెబితే ఎందుకు అరుస్తావంటారు. అది కూడా మొండితనం కాదు. వినబడే శబ్దానికీ, భరించలేని శబ్దానికీ నడుమనున్న దూరం ఈ లోపంలో తగ్గిపోతుంది. ఇంట్లో పెద్దవారిమీద విసుక్కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

స్టీరియో దుకాణంలో నేర్చుకొన్న లెక్క ఒకటి చెవికి కూడా వర్తిస్తుంది. యాంప్లిఫయరు శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. మనకు అది కొద్దిపాటి పెరుగుదలగానే తోస్తుంది. శబ్దం రెండింతలైనట్లు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అనగా శక్తి పదింతలు. చెవిమీద పడే దెబ్బ మాత్రం మనకు తోచినదానిని బట్టి కాక, శక్తిని బట్టి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 83 అయితే 20 గంటలే, 86 అయితే 10 గంటలే, 90 అయితే 4 గంటలే. ప్రతి మూడు డెసిబెల్స్‌కు కాలం సగమవుతుంది. రహదారి మీద అద్దాలు ఎత్తిన నా చిన్న కారులో చక్రాల మోత, ఇంజను మోత కలిపి ఫోను 70 దగ్గర చూపింది. ఫోను కొలత అంత ఖచ్చితం కాదు కాని, ఆ మోతను మించి పాట వినాలని శబ్దం పెంచుతూ పోతే 85 దాటడం ఎంతసేపు? తలుపులకు పట్టీలు వేయించడంలో అసలు లాభం ఇదే. బయటి మోత కొంత తగ్గితే పాటను అంత పెంచనక్కరలేదు. డబ్బు శబ్దం పెంచుకోవడానికి కాదు, తక్కువ శబ్దంలో తేటగా వినడానికి ఖర్చుపెట్టాలి. ఇది కారుకూ, యువకుల చెవులలోని ఇయర్‌ఫోనులకూ వర్తిస్తుంది. పెళ్ళి ఊరేగింపులో డీజే పెట్టెల ముందు పసిపిల్లలను ఎత్తుకొని నిలబడే తల్లిదండ్రులకు మరీ వర్తిస్తుంది.

ఇంకొక విషయం నన్ను బాధిస్తున్నది. నలభై దాటినవారికి డ్రైవింగు లైసెన్సుకు వైద్యుడు ఫారం 1-ఎ మీద సంతకం చేయాలి. మామూలు హెచ్చరిక శబ్దాలు వినలేనంత చెవుడు ఉన్నదా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా ఎన్ని ఫారాల మీద సంతకం చేశానో లెక్కలేదు. బల్లకు అటువైపు కూర్చున్న మనిషి నా ప్రశ్నలకు జవాబు చెబుతున్నాడంటే వినబడుతున్నట్లే అనుకొని "లేదు" అని వ్రాసేవాడిని. ఎదురుగా కూర్చొని, పెదవులు చూస్తూ, నిశ్శబ్దమైన గదిలో నేను కూడా అన్నిటికీ జవాబు చెప్పగలను. ఆ ప్రశ్నకు అలా జవాబు వ్రాయకూడదని డెబ్భై దాటాక తెలిసింది.

వినికిడి లేనివారు వాహనం నడపరాదని నా అభిప్రాయం కాదు. బొత్తిగా వినబడనివారికి కూడా ఈనాడు మన దేశంలో లైసెన్సు ఇస్తున్నారు. తమకు వినబడదని వారికి తెలుసు కనుక అద్దాలు మాటిమాటికి చూస్తారు. ప్రమాదమంతా తనకు లోపం ఉన్నదని తెలియనివాడితోనే. నేను ఆనాడు అటువంటివాడిని, పైగా శబ్దం పెంచుకొని కూర్చున్నవాడిని. సైరను వినబడకపోవడంలో చెవి వంతు ఎంతో, పాట వంతు ఎంతో, మూసిన అద్దాల వంతు ఎంతో విడదీసి చెప్పలేను.

చెవి వైద్యుడు రెండు చెవులకూ వినికిడి యంత్రాలు సూచించారు. స్టీరియోకైన ఖర్చుకు నాలుగింతలయింది. మొదట వెనుకాడాను. ఖర్చు ఒక కారణం, సిగ్గు రెండవ కారణం. కంటి అద్దాలు పెట్టుకొన్నవాడిని చదువుకొన్నవాడంటారు, చెవిలో యంత్రం పెట్టుకొన్నవాడిని ముసలివాడంటారు. నేను ముసలివాడినే కదా అని చివరకు ఒప్పుకొన్నాను. మొదటి రెండు వారాలు కష్టమనిపించింది. పంపు చుక్క పడినా, పత్రిక మడిచినా ఉలిక్కిపడేవాడిని. మెదడు మరచిపోయిన ధ్వనులను మళ్ళీ అలవాటు చేసుకోవడానికి వారాలు పడుతుందని, తీసి సొరుగులో పెట్టవద్దని వారు ముందే హెచ్చరించారు. మా బంధువులలో కొందరి యంత్రాలు సొరుగులలోనే ఉన్నాయి. ఆ సొరుగులలో పడిపోయేది యంత్రం ఒక్కటే కాదు. నలుగురు మాట్లాడుకొనే చోట మాట అందక మనిషి మెల్లగా వెనుక గదికి చేరతాడు. వినికిడి లోపానికీ మతిమరుపు వ్యాధికీ సంబంధమున్నదని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017లో చెప్పింది, 2020లోను 2024లోను మళ్ళీ చెప్పింది. యంత్రం పెట్టుకొంటే మతిమరుపు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాని నలుగురితో కలిసి ఉండగలుగుతాము, అది చాలదా?

ప్రపంచంలో సుమారు 150 కోట్లమందికి ఏదో ఒక స్థాయి వినికిడి లోపం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక చెబుతున్నది. వారిలో 43 కోట్లమందికి తగిన సహాయం అవసరమట. కొనలేనివారు జిల్లా ఆసుపత్రిలోని చెవి విభాగాన్ని అడగాలి. పేద వృద్ధులకు ఊతకర్ర, కళ్ళజోడు, వినికిడి యంత్రం వంటివి ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభించింది.

చదువరులకు నా మనవి. అరవై దాటినవారు, మోత ఎక్కువగా ఉండే చోట ఏళ్ళతరబడి పనిచేసినవారు, మధుమేహం ఉన్నవారు ఏడాదికొకసారి వినికిడి కొలిపించుకోండి. క్షయకు స్ట్రెప్టోమైసిన్ సూదులు వేయించుకొన్నవారు కూడా కొలిపించుకోవాలి. చెవిలో వేడినూనె పోయవద్దు, పుల్లలు పెట్టవద్దు. గుమిలి ఉంటే వైద్యుడు తీస్తారు, కొందరికి దానితోనే వినికిడి తిరిగివస్తుంది. ఉన్నట్లుండి ఒక చెవి వినబడకపోతే అది అత్యవసరం. అదే తగ్గుతుందిలే అని వారాలు గడపక, ఒకటి రెండు రోజులలోనే చెవి వైద్యుని చూడండి, ఆలస్యమైతే మందు పనిచేయకపోవచ్చు. ఇంట్లో టీవీ శబ్దం మీద తగవు పడుతున్నదంటే, అది పరీక్షకు సమయమని గుర్తు.

యంత్రాలు పెట్టుకొన్న నెల తరువాత మళ్ళీ మోరంపూడి వెళ్ళాను. కుర్రవాడు నా చెవుల వైపు చూశాడు, ఏమీ అనలేదు. ట్రెబుల్‌ను చివరినుండి నడిమికి తెమ్మన్నాను. తెచ్చాడు. శబ్దం సగానికి తగ్గించమన్నాను. తగ్గించాడు. కచేరీ పెట్టాడు. గొంతు వెనుక తంబురా జీర వినబడింది. కొత్త స్పీకర్లు మొదటి రోజునుండీ దానిని పలుకుతూనే ఉన్నాయి.

ఇప్పుడు కారు నడిపేటప్పుడు ఎడమ అద్దం రెండు వ్రేళ్ళంత దించి ఉంచుతాను, వెనుక చూపే అద్దాన్ని అలవాటుగా చూస్తాను. మొన్న జొన్నాడ దాటుతుండగా మా ఆవిడ ఏదో అన్నది. "చాలా?" అని పాట తగ్గించబోయాను.

"చాలు కాదండీ, ఈసారి నిజంగా పాలే. ఇంట్లో లేవు" అన్నది.